ఐదుగురు స్నేహితులు, ఒక అద్దె ఇల్లు, ఒక దయ్యం: చిన్న బడ్జెట్ హారర్ కామెడీ పనితనం

దయ్యం కామెడీ తీద్దామనుకునే కొత్త దర్శకుడు మొదట అడిగేది గ్రాఫిక్స్‌కి ఎంతవుతుందని. షూటింగ్ మొదలై నాలుగు రోజులయ్యేసరికి లెక్క తిరగబడుతుంది. దయ్యం కనిపించే షాట్ గంటన్నరలో అయిపోతుంది. ఐదుగురు స్నేహితులు నేల మీద కూర్చుని అన్నం తింటూ అద్దె గురించి పోట్లాడుకునే సీను మాత్రం పూటంతా మింగేస్తుంది. సినిమా నిలబడేది కూడా ఆ అన్నం సీను మీదే. ఆ ఐదుగురూ ప్రేక్షకుడికి దగ్గరైతే, గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడతాడు. కాకపోతే ఎంత ఖర్చుపెట్టి దయ్యాన్ని ఎగరేసినా ఫోన్ తీసి చూసుకుంటాడు. ఈ రకం సినిమాలో దయ్యానికి ఉన్న అసలు పని, స్నేహితులు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నది బయటికి లాగడం. ఆ పనికి ఎంత దయ్యం కావాలో అంతే చాలు. మిగతా డబ్బు, సమయం గదికి, మాటకి, శబ్దానికి వెళ్లాలి.

తెలుగులో ఈ దారి తెరిచింది కెమెరా. 2012లో మారుతి తీసిన ‘ఈ రోజుల్లో’ ఫొటోలు తీసే కానన్ 5డి కెమెరాతో తయారై థియేటర్లలో ఆడింది. మరుసటి ఏడాది వచ్చిన ‘ప్రేమకథా చిత్రమ్’లో కలిసి చచ్చిపోదామని ఊరి బయట ఇంటికి వెళ్లిన స్నేహితులకు దయ్యం ఎదురవుతుంది, చావాలనుకున్నవాళ్లే దయ్యాన్ని చూసి ప్రాణభయంతో పరుగెత్తడంలోనే సగం నవ్వు ఉంది. 2017లో మహి వి. రాఘవ్ ‘ఆనందో బ్రహ్మ’ ఆ లెక్కని తిరగేసింది: ఇంట్లో ఉన్న దయ్యాలే, ఉండటానికి వచ్చిన మనుషుల్ని చూసి హడలిపోతాయి. 2023 ఫిబ్రవరిలో విడుదలైన మలయాళ ‘రోమాంచం’, జితు మాధవన్ మొదటి సినిమా, 2007 నాటి బెంగళూరులో ఒకే ఇంట్లో ఉండే బ్రహ్మచారులు క్యారమ్ బోర్డు మీద ఆత్మని పిలవడం చుట్టూ తిరుగుతుంది. వీటిలో దేనికీ కోటలు, శ్మశానాలు అక్కర్లేకపోయింది. ఒక ఇల్లు, జేబులో డబ్బుల్లేని కొందరు మనుషులు, అంతే.

డబ్బుల్లేకపోవడం కథకి కూడా పనికొస్తుంది. దయ్యం కథలన్నిటికీ ఒక పాత చిల్లు ఉంది: ఇంట్లో దయ్యం ఉందని తెలిశాక ఖాళీ చేసి పోరేం? పెద్ద సినిమాల్లో దీనికి వంతెన కూలిపోవడమో, కారు చెడిపోవడమో చెబుతారు. బ్రహ్మచారుల కథలో ఆ అవసరమే రాదు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టడం చాలాకాలం మామూలు వ్యవహారం. ఆ అడ్వాన్సు ఇంటి ఓనర్ దగ్గర ఇరుక్కుని ఉండగా, బ్యాచిలర్లకి ఇల్లు ఇచ్చేవాళ్లే దొరకని ఊళ్లో, దయ్యంతో సర్దుకుపోవడమే తేలిక. మొదటి పది నిమిషాల్లో ఈ అడ్వాన్సు సంగతి ఒక చిన్న గొడవలో చెప్పేస్తే చాలు, తర్వాత ఎవరూ ఆ ప్రశ్న అడగరు. చివరి అరగంటలో ఎవరో ఒకరు అడ్వాన్సు వదులుకుని ఇంకొకడి కోసం నిలబడితే, స్నేహం గురించి ఒక్క డైలాగ్ రాయక్కర్లేదు.

స్క్రిప్ట్ బౌండ్ చేసేముందు దయ్యానికి ఒక పేజీ రాజ్యాంగం రాసుకోవాలి. ఎవరికి కనిపిస్తుంది? వస్తువుల్ని కదపగలదా, మనుషుల్ని ముట్టుకోగలదా? గడప దాటి రాగలదా? దానికి ఏం కావాలి? దాన్ని ఏది ఆపుతుంది? జవాబులు ఎంత చిన్నవైనా ఫర్వాలేదు, సినిమా చివరిదాకా మారకూడదు. ఎక్కువ స్క్రిప్టులు దెబ్బతినేది ఇక్కడే. మొదటి సగంలో గ్లాసు కదపడానికే కష్టపడిన దయ్యం క్లైమాక్స్‌లో మనిషిని గోడకేసి కొడితే ప్రేక్షకుడు భయపడడు, మోసపోయానని అనుకుంటాడు. నవ్వు కూడా నియమంలోంచే పుడుతుంది. దయ్యం వంటగది గడప దాటలేదని తెలిస్తే, మర్నాటి నుంచి ఐదుగురూ చాపలు తెచ్చుకుని వంటగదిలో సర్దుకుని పడుకుంటారు. ఎవరి కాళ్లు గడప అవతల ఉండాలన్న దాని మీద గొడవపడతారు. ఒక్క నియమం పది నిమిషాల సినిమా ఇస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

స్నేహితుల్ని భయపడే తీరుని బట్టి విడదీయాలి. కొత్త రచయితలు మాటతీరుని బట్టి విడదీస్తారు: ఒకడు రాయలసీమ యాస, ఒకడు తెలంగాణ యాస, ఒకడు ఇంగ్లీషు. చీకట్లో అరుస్తున్నప్పుడు యాసలు వినపడవు. ఒకడు పారిపోతాడు, ఒకడు కొయ్యబారిపోతాడు, ఒకడు ఇదంతా వైరింగ్ సమస్య అంటాడు, ఒకడు దయ్యంతో బేరమాడతాడు, ఒకడు వేరేవాణ్ని ముందుకి తోస్తాడు. ‘ఆనందో బ్రహ్మ’లో ఒక పాత్రకి రేచీకటి, చెవుడు ఉండటం వల్ల దయ్యం ఎంత తంటాలుపడినా అతనికి కనపడదు, వినపడదు, పాత్ర లోపమే సీను నడిపింది. ఇక హాస్యం. దయ్యం ఎదురుగా ఉండగా స్నేహితుడు పంచ్ వేశాడంటే అతనికి భయం లేదని అర్థం, అతనికి లేని భయం ప్రేక్షకుడికీ ఉండదు. భయం వల్లే నోరు జారాలి. “రేయ్, తలుపు గడియ పెట్టావా?” “పెట్టాన్రా.” “మరి ఎవరు తీశారు?” “...అద్దె కోసం ఓనర్ వచ్చాడేమో మామా.” చివరి మాట చెప్పేవాడు అది నిజం కావాలని గట్టిగా కోరుకుంటూ చెబితేనే నవ్వొస్తుంది. జోకులా విసిరితే సీను అక్కడే చచ్చిపోతుంది.

న్యూజిలాండ్ నుంచి 2014లో వచ్చిన ‘వాట్ వి డూ ఇన్ ద షాడోస్’లో వెల్లింగ్టన్‌లో ఒకే ఇంట్లో ఉండే రక్తపిశాచాలు ఐదేళ్లుగా గిన్నెలు తోమని వాడి మీద మీటింగ్ పెడతాయి. వందల ఏళ్లు బతికినవాళ్లకి కూడా అంట్లే సమస్య. ఈ రకం సినిమాకి అంతకన్నా మంచి పాఠం దొరకదు. కాకపోతే అందులో నటులు అప్పటికప్పుడు అల్లుకున్న మాటలతో దాదాపు 125 గంటల ఫుటేజీ తయారైంది. దాన్ని గంటన్నరకి కుదించడానికి ఎడిటింగ్‌లో నెలలు పట్టింది. చిన్న బడ్జెట్‌లో దాన్ని చూసి సెట్లో ఇంప్రొవైజేషన్ మొదలెడితే రోజుకి ఒక పేజీ కూడా దాటదు. అల్లడం రిహార్సల్‌లో జరగాలి. షూటింగ్‌కి ముందు వారం పది రోజులు, వీలైతే తీయబోయే ఇంట్లోనే, ఐదుగురినీ కూర్చోబెట్టి ప్రతి సీను వాళ్ల మాటల్లో ఆడించి ఫోన్‌లో రికార్డు చేయాలి. పేలిన మాటల్ని స్క్రిప్టులోకి ఎక్కించి తాళం వేయాలి. నటులకి రిహార్సల్ బేటా (రోజువారీ భత్యం) ఇవ్వడానికి నిర్మాత వెనకాడితే, ఆ డబ్బు షూటింగ్‌లో ఒక్క అదనపు రోజు ఖర్చు కంటే తక్కువని లెక్కగట్టి చూపించాలి.

ఆత్మని పిలిచే సీను

ఈ కథల్లో గుండెకాయలాంటి సీను ఇది కాబట్టి దీన్ని దగ్గరగా చూడాలి. ఐదుగురు అక్షరాలు రాసిన క్యారమ్ బోర్డు చుట్టూ కూర్చుంటారు, వేళ్లు బిళ్ల మీద ఆనిస్తారు, బిళ్ల అక్షరాల మీదికి కదులుతుంది. స్క్రిప్టులో చేసే తప్పు, దయ్యం చేత దయ్యం కథ చెప్పించడం: నేను ఫలానా ఏడాది చనిపోయాను, ఇలా చంపారు. దానికి ఇక్కడ తొందర లేదు. బిళ్ల మొదట ఇంట్లోవాళ్ల సంగతే చెప్పాలి. గ్యాస్ బండ కోసం అందరూ వేసుకున్న డబ్బులు ఎవరు తీశారని అడిగితే, బిళ్ల మెల్లగా ఐదుగురిలో ఒకడి పేరు మొదటి అక్షరం వైపు పోతుంది. ఇప్పుడు గదిలో రెండు భయాలున్నాయి. నలుగురు దయ్యానికి భయపడుతుంటే ఒకడు స్నేహితులకి భయపడుతున్నాడు. వాడే బిళ్లని పక్కకి తోస్తున్నాడన్న అనుమానం ఇంకొకడికి. అక్కడి నుంచి సీను దానంతటదే నడుస్తుంది.

బిళ్లని కదపడానికి గ్రాఫిక్స్ వద్దు. బిళ్లగా వాడే రూపాయి నాణెం అయస్కాంతానికి అతుక్కునే రకం స్టీలుతో చేసిందే, కాబట్టి బోర్డు కింద నియోడిమియం అనే బలమైన అయస్కాంతం పట్టుకుని జరిపితే పైన నాణెం కదులుతుంది. గ్లాసు కావాలనుకుంటే జాగ్రత్త: వంటింటి స్టీలు గ్లాసులు చాలావాటికి అయస్కాంతం అంటదు, అడుగున ఇనుప వాషర్ అతికించాలి. అసలు విషయం బోర్డు మందం. ఇళ్లలో పిల్లలు ఆడే క్యారమ్ బోర్డు ప్లైవుడ్ 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, దానికి చిన్న అయస్కాంతం చాలు. టోర్నమెంట్ బోర్డులు 8 నుంచి 12 మిల్లీమీటర్లు, ఇంకా మందంవి కూడా ఉంటాయి. వాటి మీద పట్టు సగం దారిలో తప్పిపోయి నాణెం ఆగిపోతుంది. బోర్డు అడుగున బలం కోసం కొట్టిన కర్ర బద్దలు ఉంటాయి. అవి చేతికి అడ్డమొస్తాయి, షూటింగ్‌కి ముందే ఊడదీయించాలి. అవి తీశాక బోర్డు మధ్యలో కుంగకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, చుట్టూ దుప్పటి కప్పి, కింద ఆర్ట్ అసిస్టెంట్‌ని పడుకోబెట్టాలి.

కింద ఉన్నవాడికి పైన అక్షరాలు కనపడవు. కెమెరా ఫీడ్ ఫోన్‌లో చూపిస్తే కుడి ఎడమలు తారుమారై తప్పు అక్షరం మీదికి పోతాడు. పైన రాసిన అక్షరాలనే బోర్డు అడుగున సరిగ్గా వాటి కిందే మళ్లీ రాసి, ఒక చిన్న టార్చి ఇస్తే ఈ తిప్పలు పోతాయి. బోర్డు మీద క్యారమ్ పౌడర్ పలచగా చల్లాలి, లేకపోతే నాణెం కుదుపులతో కదిలి కింద మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది. ఒక అక్షరం నుంచి పక్క అక్షరానికి రెండు సెకన్లు పట్టాలి. అంతకంటే వేగంగా లాగితే అయస్కాంతం నాణేన్ని వదిలేస్తుంది. నటులు వేళ్లు నొక్కిపెట్టకూడదు, తాకీ తాకనట్టు ఉంచాలి. టేక్ ఓకే కాకపోవడానికి పదిసార్లలో ఎనిమిదిసార్లు కారణం ఎవరో ఒకరి వేలు బరువే. ఇంకో మాట: శక్తిమంతమైన రెండు అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కుంటే మధ్యలో చర్మం నలుగుతుంది, కాబట్టి సెట్లో ఒకటే ఉంచాలి, ఫుటేజీ ఉన్న హార్డ్‌డిస్కులకి దూరంగా.

ఐదుగురున్న సీను ఎందుకు అంత సమయం తింటుందో లెక్క వేస్తే తెలుస్తుంది. అందరూ కనిపించే మాస్టర్ షాట్ ఒకటి, ఐదు క్లోజప్‌లు, ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే సజెషన్లు రెండు, బోర్డుని మాత్రమే దగ్గరగా చూపే ఇన్సర్ట్ ఒకటి: తొమ్మిది సెటప్‌లు. ఒక్కోదానికి లైటు మార్చి, ఫోకస్ చూసుకుని, మూడు నాలుగు టేకులు తీయడానికి 35 నుంచి 40 నిమిషాలు. అంటే ఐదుంపావు నుంచి ఆరు గంటలు, మూడు పేజీల సీనుకి. పైగా గుండ్రంగా కూర్చుంటే ఎవరు ఎటు చూస్తున్నారన్నది ప్రతి క్లోజప్‌లో మారిపోయి, ఎడిటింగ్‌లో ఇద్దరు ఒకే దిక్కు చూస్తూ మాట్లాడుకుంటున్నట్టు తగులుతుంది. దీనికి విరుగుడు కూర్చోబెట్టడంలోనే ఉంది. ఐదుగురినీ గుర్రపు నాడా ఆకారంలో, తెరిచిన వైపు కెమెరాకి వదిలి కూర్చోబెడితే చూపుల దిక్కు మారకుండా కాపాడే ఊహా గీతని కెమెరా దాటాల్సిన పని ఉండదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 28 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఐదుగురూ ఒకే ఫ్రేములో పడతారు. ఆ వైడ్ షాట్‌ని టేక్ మొత్తం నడిపి, నిజంగా అవసరమైన రెండే క్లోజప్‌లు తీసుకోవాలి: డబ్బు తీసినవాడిది, వాణ్ని అనుమానించినవాడిది. కామెడీకి వైడ్ మంచిది, ఎందుకంటే ఒకడు మాట్లాడుతుంటే మిగతా నలుగురి ముఖాలు ప్రేక్షకుడు తనంతట తాను ఎంచుకుని చూస్తాడు. అదే వైడ్‌లో వెనకున్న చీకటి గుమ్మం ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. అక్కడ ఏమీ రాకపోయినా కళ్లు అటే పోతుంటాయి. నవ్వుకీ భయానికీ వేర్వేరు షాట్లు తీసే బాధ తప్పుతుంది.

చీకటి, వెలుతురు, కరెంటు

కథంతా రాత్రి జరిగినంత మాత్రాన షూటింగంతా రాత్రి పెట్టుకోకూడదు. వరుసగా ఆరు రాత్రులు చేస్తే తెల్లవారుజామున రెండు దాటాక నటుల్లో కామెడీ టైమింగ్ పోతుంది. మాట అర సెకను ఆలస్యంగా వస్తుంది, ఆ అర సెకనే జోకు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి రెండు దాకా కాల్షీట్ పెట్టి, మాటల సీన్లు ముందు తీసి, దయ్యం ఒక్కటే ఉండే షాట్లు అర్ధరాత్రి తర్వాతకి ఉంచాలి. పగటిపూట ఇంటి లోపలి రాత్రి సీన్లు తీయడానికి కిటికీలకి నల్లగుడ్డ కడతారు. గుడ్డని నేరుగా కిటికీకి మేకులతో కొట్టేస్తే వెన్నెల పడే చోటు కూడా మూసుకుపోతుంది. బయట నాలుగడుగుల దూరంలో వెదురు బొంగులు పాతి గుడారంలా కడితే మధ్య ఖాళీలో ఒక ఎల్ఈడీ లైటు పెట్టి కిటికీ ఊచల నీడ గదిలోకి వేయొచ్చు. ఎండాకాలంలో ఆ గది కాలిపోతుంది. శబ్దం కోసం ఫ్యాను కూడా ఆపుతారు కాబట్టి ఇరవై నిమిషాలకోసారి తలుపులు తెరవాలి, చొక్కాల మీద చెమట ఎంత ఉందో కంటిన్యుటీ ఫొటో తీసుకోవాలి.

కెమెరా వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుతురుని తెలుపుగా చూడాలన్న అమరిక, 4000 కెల్విన్ దగ్గర ఉంచితే 5600 కెల్విన్ ఎల్ఈడీ నీలి వెన్నెలగా, గదిలోని 2700 కెల్విన్ బల్బు నారింజ రంగుగా పడతాయి. లైట్లకి రంగు జెల్ కాగితాలు చుట్టే పని తగ్గుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 24 ఫ్రేములు తీస్తూ షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) 180 డిగ్రీలు ఉంచితే చవక ఎల్ఈడీ బల్బులు, చోక్ ట్యూబులైట్లు ఫ్రేములో చారలుగా మినుకుతాయి. షటర్ 172.8 డిగ్రీలకి మార్చితే సెకనులో యాభయ్యో వంతు వస్తుంది, చాలావరకు సర్దుకుంటుంది. అయినా ఇంట్లో ఉన్న ప్రతి బల్బునీ ముందురోజే అర నిమిషం రికార్డు చేసి పెద్ద తెర మీద చూడటం మంచిది. దయ్యం వల్ల మినుకుతున్న బల్బుకీ, నిజంగా మినుకుతున్న బల్బుకీ తేడా ఎడిటింగ్‌లో ఎవరికీ గుర్తుండదు. సోనీ ఎఫ్ఎక్స్3 లాంటి కెమెరాల్లో, రంగులు తర్వాత దిద్దుకోవడానికి వీలుగా రికార్డు చేసే లాగ్ మోడ్‌కి రెండు బేస్ ఐఎస్ఓలు, అంటే మచ్చలు తక్కువగా ఉండే రెండు సున్నితత్వ స్థాయిలు ఉంటాయి, 800, 12800. చీకటి సీనులో భయపడి 6400 దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. 12800కి వెళ్తేనే మచ్చలు తక్కువ. పాత ఇంటి వైరింగ్‌ని నమ్మకూడదు. 15 యాంపియర్ల సాకెట్ మూడు కిలోవాట్లు మోయాలి కానీ, ఒక లైను మీద రెండు కిలోవాట్లు దాటకుండా పంచుకుంటే మెయిన్ కొట్టేయదు. 300 వాట్ల ఎల్ఈడీలు మూడు నాలుగుతో ఇల్లంతా సరిపోతుంది, జనరేటర్ అద్దె మిగులుతుంది, దాని రొద కూడా ఉండదు.

దయ్యాన్ని చూపించాల్సిన చోట పాత పద్ధతులే బాగా పనిచేస్తాయి. 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ వేదిక మీద చూపించిన అద్దం ఉపాయం ఇప్పటికీ పాతబడలేదు. కెమెరా ముందు పలచటి గాజు పలకని 45 డిగ్రీల కోణంలో నిలబెట్టి, పక్కన నల్లగుడ్డల మధ్య దయ్యం పాత్రధారిని ఉంచుతారు. ఆమె మీద లైటు డిమ్మర్‌తో పెంచితే గదిలో పారదర్శకంగా తేలుతుంది, తగ్గిస్తే మాయమవుతుంది. స్నేహితులు నిజంగా అక్కడే నటిస్తుంటారు కాబట్టి రెండు షాట్లని కంప్యూటర్లో కలిపే కాంపోజిటింగ్ ఖర్చు సున్నా. చెడేది రెండు చోట్ల: గాజు మీద వేలిముద్రలు, పక్కనున్న వస్తువుల ప్రతిబింబం. గాజులో పడే ఆ పక్కంతా నల్లగుడ్డ కప్పాలి.

మనిషి ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యే షాట్‌కి మనిషి లేని ఖాళీ గదిని అదే ఫ్రేములో విడిగా తీస్తారు, దాన్ని ప్లేటు అంటారు. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి. వణుకు తగ్గించడానికి కెమెరా లోపల ఉండే స్టెబిలైజేషన్ ఆపేయాలి. దాన్ని మరిచిపోతేనే ట్రైపాడ్ మీద ఉన్నా ఫ్రేము వణికి రెండు ప్లేట్లూ కలవవు. గుమ్మానికి వేలాడే కర్టెన్ కదులుతుంటే అతుకు తెలిసిపోతుంది, అడుగున పిన్నులు గుచ్చి ఆపాలి. తలుపులు, కుర్చీలు లాగడానికి గాలం వేసే నైలాన్ దారం, 0.3 మిల్లీమీటర్లది చాలు. వెనక నుంచి లైటు పడితే అది తళుక్కుమంటుంది, నల్ల మార్కర్ పెన్ను దాని పొడవునా రుద్దితే పోతుంది. ముందే కబ్జాలకి నూనె వేస్తే తలుపు మెత్తగా కదులుతుంది, కిర్రుమనే చప్పుడు తర్వాత వేసుకోవచ్చు. ఇక దయ్యం వేషం సంగతి: తెల్లచీర, విరబోసిన జుట్టు చూసి ఇప్పుడు ఎవరూ భయపడరు. రోజూ కట్టుకునే నూలు చీరలో, జడ వేసుకుని, మంచినీళ్ల బిందె పక్కన మామూలుగా నిలబడ్డ మనిషే గుండె జల్లుమనిపిస్తుంది.

శబ్దం దగ్గర పిసినారితనం వద్దు

బడ్జెట్ కోతలో మొదట కోసేది సౌండే. ఈ రకం సినిమాకి అంతకన్నా పెద్ద నష్టం లేదు. ఐదుగురు ఒకరి మాట మీద ఒకరు పడిపోయి మాట్లాడే ఊపు సెట్లో ఉంటుంది. డబ్బింగ్‌లో ఒక్కొక్కరు ఒక్కో రోజు వచ్చి ఒంటరిగా చెప్పేసరికి ఆ ఊపు మాయమై డైలాగులు వరుసలో నిలబడతాయి. సింక్ సౌండ్, అంటే సెట్లోనే మాటలు రికార్డు చేయడం, చేయగలిగితే చేయాలి. కుదరకపోతే గుంపు సీన్ల వరకైనా ఐదుగురినీ ఒకేసారి డబ్బింగ్ థియేటర్‌కి పిలిపించాలి.

సింక్ సౌండ్‌లో అసలు చిక్కు గుసగుస నుంచి కేక దాకా. రెండిటి మధ్య 50 డెసిబెల్స్ దాటి తేడా ఉంటుంది. గుసగుసకి లెవెల్ పెడితే కేక చీలిపోతుంది, కేకకి పెడితే గుసగుస రొదలో మునుగుతుంది. గుసగుసనీ కేకనీ రెండిటినీ చీలకుండా పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఈ బాధ తగ్గిస్తుంది. కానీ చొక్కాలో పెట్టిన వైర్‌లెస్ మైకుల ట్రాన్స్‌మిటర్ దగ్గరే కేక చీలితే ఏ రికార్డరూ దాన్ని బాగుచేయలేదు. అరిచే టేకులకి ట్రాన్స్‌మిటర్ గెయిన్ (శబ్దం పెంచే స్థాయి) తగ్గించాలి, పైన కర్రకి కట్టి పట్టుకునే బూమ్ మైకు తప్పనిసరిగా ఉండాలి. మామూలు 24 బిట్ రికార్డరైతే అదే మైకుని రెండో ట్రాక్ మీద 12 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించి రికార్డు చేసుకోవాలి. ఫ్రిజ్ ఆపాలి, తిరిగి వేయడం మరచిపోకుండా వ్యాను తాళాలు అందులోనే పెట్టాలి. ప్రతి గదిలో ఒక నిమిషం ఖాళీ నిశ్శబ్దం రికార్డు చేయాలి. ఊరి ఇళ్లలో రాత్రి కీచురాళ్ల రొద షాట్ షాట్‌కీ మారి కట్ దగ్గర గతుకులా తగులుతుంది. మూడు నిమిషాల కీచురాళ్ల చప్పుడు విడిగా తీసుకుని సీను మొత్తం కింద పరిచేస్తే గతుకు కనపడదు.

భయపెట్టే చోట ఉన్నట్టుండి పెద్ద శబ్దం వేయడం ఒకటి రెండుసార్లే పనిచేస్తుంది. మూడోసారికి ప్రేక్షకుడు చెవులు మూసుకుని కూర్చుంటాడు. దానికంటే మంచిది, అతను గమనించని శబ్దం ఒకటి తీసేయడం. సీను మొదటి నుంచీ గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ ఉండి, సరిగ్గా బిళ్ల కదిలేముందు అది ఆగిపోతే, ఎందుకో తెలియకుండానే ఒళ్లు జలదరిస్తుంది. రీరికార్డింగ్‌లో బేస్ డ్రమ్ములు పోసినప్పుడు ఒక సంగతి చూసుకోవాలి: ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని దాదాపు పలకవు. థియేటర్లో గుండెల మీద పడ్డ దెబ్బ ఫోన్‌లో ఖాళీగా ఉంటుంది. ప్రతి బేస్ దెబ్బకీ ఒక కర్ర విరిగిన చప్పుడో, గొలుసు లాగిన చప్పుడో తోడు కలపాలి.

ఎడిటింగ్‌లో నవ్వు, భయం వరుస చూసుకోవాలి. నవ్వు తర్వాత భయం గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ప్రేక్షకుడు వెనక్కి వాలి ఉంటాడు. భయం తర్వాత నవ్వు తేలిగ్గా వస్తుంది, బిగపట్టిన ఊపిరి వదలాలి కాబట్టి. భయం పెరుగుతున్న మధ్యలో జోకు పెడితే మాత్రం రెండూ పోతాయి. ఉలిక్కిపడే షాట్ అయ్యాక వెంటనే అరుపుకి కట్ చేయకుండా, చూసినవాడి ముఖాన్ని 12 నుంచి 18 ఫ్రేములు ఏమీ చేయకుండా ఉంచితే నవ్వు అక్కడ పుడుతుంది. రఫ్ కట్‌ని కథ తెలియని ఇరవై మందికి చూపించి, హాల్లో ఫోన్ పెట్టి వాళ్ల నవ్వుల్ని రికార్డు చేసుకోవాలి. ఎక్కడ నవ్వు తర్వాతి మాటని మింగేస్తుందో టైమ్‌కోడ్ రాసుకుని అక్కడ ఒకటి రెండు సెకన్లు పెంచాలి. పెంచిన చోట ఖాళీ వదలకూడదు. ఒంటరిగా ఓటీటీలో చూసేవాడికి అది ఆగిపోయినట్టు ఉంటుంది. స్నేహితుల్లో ఎవడో ఒకడు చెప్పులు వెతుక్కోవడం లాంటి మాటలేని పని పెడితే ఇద్దరికీ సరిపోతుంది.

సెన్సార్‌కి వెళ్లేముందు మూడు సంగతులు చూసుకోవాలి. నల్లపిల్లి, కాకి, కుక్క ఏది వాడినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. షూటింగ్ అయ్యాక గుర్తొస్తే ఆ షాట్లు గ్రాఫిక్స్ అని నిరూపించుకోవడమో, తీసేయడమో మిగులుతుంది. గదిలో స్నేహితులు సిగరెట్ కాల్చితే తెర మీద హెచ్చరికతోపాటు, సినిమా మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత పొగాకు వ్యతిరేక ప్రకటనలు వేయాలి. నిశ్శబ్దంగా భయం కట్టుకొస్తున్న ఫ్రేములో అడుగున అక్షరాలు వస్తే ఆ సీను పాడైనట్టే, కాబట్టి కాల్చే అలవాటు వేరే సీన్లకి మార్చడం తెలివైన పని. 2024 నిబంధనల ప్రకారం యూఏ సర్టిఫికెట్ 7, 13, 16 ఏళ్లుగా విడిపోయింది. కుటుంబాలు రావాలనుకుంటే ఎంత రక్తం, ఎన్ని బూతులు అన్నది స్క్రిప్టు దశలోనే తేల్చుకోవాలి.

రంగులు దిద్దే డీఐ దశలో చివరి ప్రమాదం చీకటి. రంగులు దిద్దే మానిటర్ వెలుతురు సాధారణంగా 100 నిట్లు (నిట్ అంటే తెర వెలుగు కొలత). థియేటర్ తెరకి ప్రమాణం 48 నిట్లు, జిల్లా కేంద్రాల్లో దీపం పాతబడిన ప్రొజెక్టర్ల మీద అది కూడా ఉండదు. మానిటర్‌లో అందంగా కనిపించిన నల్లటి గది అక్కడ బురదలా మారి, ఐదుగురిలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. ఓటీటీలోనైతే చీకటి గోడల మీద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి, సన్నటి గ్రెయిన్ (ఫిల్మ్ మీద ఉండే లాంటి నూగు) కలిపితే తగ్గుతాయి. ఫస్ట్ కాపీ వచ్చాక ఆత్మని పిలిచే రీలు ఒక్కటే పట్టుకెళ్లి, ఖరీదైన మల్టీప్లెక్స్‌లో కాకుండా మామూలు సింగిల్ స్క్రీన్‌లో ఉదయం ఆటకి ముందు వేయించుకుని వెనక వరుసలో కూర్చుని చూడాలి. కళ్లు కనపడకపోతే ముఖాల మీద వెలుతురు పెంచడానికి డీఐ స్టూడియోలో ఒక రోజు ముందే మిగిల్చి పెట్టుకోవాలి.